శిస్తు లెక్కల్లో ముత్తాత జాడ: పాత దస్త్రాల నుంచి ఒక పూర్వీకుని జీవితాన్ని తెలుసుకోవడం ఎలా

వంశచరిత్ర తెలుసుకుందామని బయలుదేరేవారిలో చాలామంది మొదట జనన ధ్రువపత్రం కోసం వెదుకుతారు. తెలుగునేలపై ఆ దారి తొందరగానే మూసుకుపోతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదుకు 1899లోనే చట్టం వచ్చినా అది ఊరూరా ఒకే తీరున అమలు కాలేదు. దేశమంతటికీ వర్తించే చట్టం 1969లో గాని రాలేదు. పోనీ జనాభా లెక్కల్లో ఇంటింటా నింపిన పత్రాలు చూద్దామంటే, 1948 నాటి జనగణన చట్టం వాటిని ఎవరికీ చూపకూడదంటుంది. ముత్తాత ఎప్పుడు పుట్టాడన్నది ఆనాటి ప్రభుత్వానికి పెద్దగా పట్టలేదు గాని, ఆయన ఏ చేను సాగు చేశాడో, దానికి ఎంత శిస్తు కట్టాలో, ఆయన పోయిన తరువాత ఆ శిస్తును ఎవరి దగ్గర వసూలు చేయాలో మాత్రం అది శ్రద్ధగా రాసుకుంది. అందువల్ల మన ప్రాంతంలో పూర్వీకుని వెదకదలచినవారు ముందుగా ఆయన భూమిని వెదకాలి. భూమి లేనివారైతే ఏ పని చేసినందువల్ల, లేదా ఎవరి భూమికి సంబంధించి ఆయన పేరు రాయవలసి వచ్చిందో ఆలోచించాలి. కింద వివరించిన పద్ధతికి ఆధారం ఇదే.

ఒక్క హెచ్చరిక ముందే చేయడం మంచిది. వంశవృక్షం గీయడం వేరు, ఒక మనిషి జీవితాన్ని తెలుసుకోవడం వేరు. వృక్షానికి పేర్లు చాలు. జీవితానికి తేదీలు, చోట్లు, అప్పులు, తగాదాలు, వలసలు కావాలి. కనుక ఒకేసారి పది తరాల వెంట పడకుండా ఒక్కరిని ఎంచుకోండి. ఆయనను ఎరిగినవారు ఇంకా ఒకరిద్దరు బతికి ఉండి, ఆయన పేరున ఒక్క కాగితమైనా మిగిలి ఉంటే మొదటి ప్రయత్నానికి అంతకన్న తగిన వ్యక్తి దొరకడు.

ఇంట్లోనే మొదలుపెట్టాలి

పెద్దవారిని అడిగేటప్పుడు సంవత్సరాలు అడగవద్దు. "తాతగారు ఎప్పుడు పోయారు?" అంటే ఏదో ఒక అంకె చెబుతారు, అది మన ముఖం చూసి చెప్పిన అంకె. "ఆయన పోయేనాటికి మీ పెళ్లయిందా? మీ తమ్ముడు నడుస్తున్నాడా? అప్పటికి పెద్దింట్లోనే ఉన్నారా, వేరు పడ్డారా?" అని అడిగితే నమ్మదగిన సమాధానం వస్తుంది, ఎందుకంటే మనుషులు కాలాన్ని సంఘటనల చుట్టూ గుర్తుపెట్టుకుంటారు. అలాగే ఊరి పేరుతో ఆగకండి. చెరువు కింద చేనా, మెట్ట చేనా, దానికి పిలుపు పేరేమిటి, పక్క చేను ఎవరిది, ఊళ్లో కరణం ఎవరు, అప్పు ఎవరి దగ్గర తెచ్చేవారు అన్న ప్రశ్నలు ఆ రోజుకు అనవసరంగా తోచినా, తరువాత దస్త్రాల ముందు కూర్చున్నప్పుడు ఒకే పేరున్న నలుగురిలో మనవారిని పోల్చుకోవడానికి పనికొచ్చేవి అవే. అనుమతి తీసుకుని మాటలను ఫోనులో రికార్డు చేయండి. ఎవరు, ఎప్పుడు చెప్పారన్నది రాసిపెట్టుకోండి.

తద్దినం పెట్టే ఇళ్లలో సంవత్సరం మరిచిపోయినా తిథి మరిచిపోరు. తండ్రి, తాత, ముత్తాత పేర్లు, గోత్రం ఆ సందర్భంలో చెప్పుకునే అలవాటు వల్ల మూడు తరాల పేర్లు సాధారణంగా నిలిచి ఉంటాయి. తిథికి తోడు తెలుగు సంవత్సరం పేరు కూడా దొరికితే తేదీని దాదాపు నిర్ణయించవచ్చు. సంవత్సర నామాలు 60 ఏళ్లకొకసారి తిరిగివస్తాయి కాబట్టి, తరాల లెక్కను బట్టి ఏ ఆవృత్తమో తేల్చుకోవాలి. ఉదాహరణకు కాళయుక్తి 1918లోనూ, 1978లోనూ ఉగాదితో మొదలైంది. "కాళయుక్తి ఆశ్వయుజంలో పోయారు" అని ఒక ముత్తవ్వ గురించి చెబితే అది 1918 అక్టోబరు తొలివారం నుంచి నవంబరు తొలి రోజుల వరకు నడిచిన నెల. ఇన్‌ఫ్లుయెంజా మద్రాసు ప్రెసిడెన్సీని ఊపివేసిన రోజులవి. ఆమె దానివల్లనే పోయిందని అంతమాత్రాన రాయకూడదు గాని, "జ్వరంతో రెండు రోజుల్లో పోయింది" అన్న ఇంటి మాటకు అప్పుడు బలం చేకూరుతుంది. ఇందులో జాగ్రత్త ఒకటి ఉంది. తెలుగు సంవత్సరం రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీదుగా సాగుతుంది. పుష్య, మాఘ, ఫాల్గుణాలలో జరిగినవి ఎక్కువగా తరువాతి ఇంగ్లీషు సంవత్సరంలోకి వస్తాయి. వారం కూడా గుర్తుంటే పంచాంగంతో సరిచూసుకోవచ్చు.

కరువులూ తుఫానులూ కూడా ఇలాగే ఉపకరిస్తాయి. గుంటూరు ప్రాంతంలో డొక్కల కరువు అని చెప్పుకునేది 1832-33 నాటి నందన కరువు. ధాత కరువు 1876లో మొదలై 1878 వరకు పీడించింది. మచిలీపట్నం ఉప్పెన 1864 నవంబరు 1న వచ్చింది. "కరువులో వలస వచ్చాం" అని తరతరాలుగా చెప్పుకునే కుటుంబం ఏ కరువన్నది తేల్చుకుంటే, ఏ ఊరి దస్త్రాలు ఏ సంవత్సరం వరకు చూడాలో ఒక హద్దు ఏర్పడుతుంది.

ఒక్క దస్తావేజులో ఎంత ఉంటుంది

పాత ట్రంకుపెట్టెలోని స్టాంపు కాగితాలను ఆస్తి కోసం తప్ప ఎవరూ చదవరు. నిజానికి వంశచరిత్ర రాసేవారికి క్రయ దస్తావేజు, తనఖా, పంపకపు దస్తావేజు, వీలునామా, దత్తత పత్రం వంటివి జనన ధ్రువపత్రం కన్న ఎంతో ఎక్కువ చెబుతాయి. మొదటి వాక్యంలోనే రాసిచ్చినవారి, రాయించుకున్నవారి తండ్రి పేర్లు, కాపురం ఉన్న ఊరు, తాలూకా, వృత్తి, తరచుగా కులం, వయస్సు ఉంటాయి. మధ్యలో ఆస్తి ఎలా సంక్రమించిందో చెప్పే భాగం ఉంటుంది. "మా పితామహుల నాటి నుంచి", "మా పినతండ్రి గారితో పంపకంలో మా వాటాకు వచ్చినది", "మా మాతామహుల వల్ల సంక్రమించినది" అన్న ఒక్కొక్క మాట వెనుక మరొక దస్తావేజు ఉండే అవకాశం ఉంది. ఎందుకు అమ్ముతున్నారో కూడా రాసేవారు. ఫలానా ప్రోనోటు బాకీ తీర్చడానికి, కుమార్తె వివాహానికి, కుటుంబ ఖర్చుల నిమిత్తం అని రాసిన ఆ రెండు పంక్తులలో ఆ ఏడాది ఆ ఇంటి స్థితి కనిపిస్తుంది.

అక్కడితో ఆగకుండా చివరి పుట కూడా చదవండి. నాలుగు దిక్కుల హద్దులలో ఉన్న పేర్లు చాలాసార్లు అన్నదమ్ములవో దాయాదులవో అవుతాయి, ఎందుకంటే పంచుకున్న భూములు పక్కపక్కనే ఉంటాయి. సాక్షులలో బావమరిదో మేనమామో ఉండడం సాధారణం. సంతకం చేశారా, నిశాని (గుర్తు) వేశారా, వేలిముద్ర వేశారా అన్నదాన్ని బట్టి చదువు సంగతి కొంత తెలుస్తుంది. అయితే చదువు వచ్చినవారు కూడా రిజిస్ట్రారు ముందు వేలిముద్ర వేస్తారు కాబట్టి దస్తావేజు అడుగున ఉన్న సంతకాన్నే చూడాలి. స్టాంపు కాగితం వెనుక దానిని ఎవరి పేరున, ఎప్పుడు కొన్నారో రాసి ఉంటుంది. దస్తావేజు తేదీకి, స్టాంపు తేదీకి, రిజిస్ట్రేషను తేదీకి మధ్య నెలల తేడా ఉంటే బేరం ఎక్కడో ఆగి సాగిందని అనుమానించవచ్చు.

వయస్సు విషయంలో మాత్రం ఈ పత్రాలను గట్టిగా నమ్మరాదు. 35, 40, 45, 50 అన్న అంకెలే ఎక్కువగా కనిపిస్తాయి, అవి లేఖరి చూపుతో వేసిన అంచనాలు. ఒక దస్తావేజులో 40 అని ఉండి, ఏడేళ్ల తరువాతి దానిలో 55 అని ఉన్నా ఇద్దరు మనుషులని తొందరపడకూడదు. బడి ప్రవేశ పుస్తకంలోని పుట్టిన తేదీ కూడా ఇంతే. జూన్, జూలై నెలల్లో పుట్టినవారు తరగతిలో అంతమంది ఎందుకున్నారో ఉపాధ్యాయులకు బాగా తెలుసు.

ఊరు ఎవరి పాలనలో ఉండేది

ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లేముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. దీనికి సమాధానం తెలియకుండా అర్జీ పెట్టినవారు లేని రిజిస్టరు కోసం తిరుగుతూ ఉంటారు.

దత్తమండలాలలోనూ (రాయలసీమ వైపు), కృష్ణా గోదావరి జిల్లాల రైత్వారీ గ్రామాలలోనూ ప్రభుత్వం నేరుగా రైతు నుంచి శిస్తు వసూలు చేసింది. అక్కడ 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో పొలం పొలానికీ సర్వే జరిగి శిస్తు నిర్ణయించిన సెటిల్మెంటు రిజిస్టరు తయారైంది. ఆ తరువాత సుమారు 30 ఏళ్లకు రీసెటిల్మెంటు జరిగింది. ఈ రెండు రిజిస్టర్లలో సర్వే నంబరు, విస్తీర్ణం, నేల తరగతి, శిస్తు, పట్టాదారు పేరు ఉంటాయి. మీ చేతిలోని నేటి సర్వే నంబరు రీసెటిల్మెంటు నాటిది కావచ్చు, అంతకు ముందు పాత సర్వే నంబరు వేరు, దానికి ముందు పైమాషీ (అంతకన్న పాత కొలత) నంబరు వేరు. కొత్త నంబరుకు పాత నంబరు ఏదో రీసెటిల్మెంటు రిజిస్టరే చూపుతుంది. అందుచేత ఇప్పటి నుంచి వెనక్కు, ఒక్కొక్క మెట్టుగా వెళ్లాలి. కరణం ఏటేటా రాసిన అడంగలులో పట్టాదారుకు తోడు సాగు చేస్తున్నవారి పేరు, వేసిన పంట కూడా ఉంటాయి. రెండు రిజిస్టర్ల మధ్య 30 ఏళ్ల ఖాళీని నింపేది అడంగలే గాని, అవి అన్ని సంవత్సరాలకూ మిగలలేదు.

ఉత్తర సర్కారులలో (కోస్తా వైపు) చాలా ఊళ్లు 1802 నుంచి శాశ్వత శిస్తు కింద జమీందారుల చేతిలోకి వెళ్లాయి. అక్కడ ప్రభుత్వానికి జమీందారు కట్టే పేష్కషుతోనే పని, రైతు పేరుతో పని లేదు. కాబట్టి 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత జరిగిన సర్వే వరకు చాలా గ్రామాలలో రైతుల పేర్లున్న సర్కారు రిజిస్టరు దొరకదు. అంతకు ముందటి కాలానికి సంస్థానం ఠాణాల లెక్కలు, రైతుకు ఇచ్చిన పట్టాలు, రసీదులు, శిస్తు బాకీ దావాలే ఆధారం. ఇంట్లో మిగిలిన ఒక్క జమీందారీ రసీదు కూడా ఇక్కడ విలువైనదే.

నిజాం రాజ్యంలోని తెలంగాణ గ్రామాలకు దస్త్రాల పేర్లే వేరు. సర్వే తరువాత తయారైన సేత్వారు అనే భూమి రిజిస్టరు మొదటి మూలం. 1954-55 నాటి ఖాస్రా పహాణీ (పహాణీ అంటే అడంగలు వంటి సాగు లెక్క) అందరికీ తెలిసినది, కోర్టులు కూడా తరచు దాని దగ్గరికే వస్తాయి. ఆ తరువాత చేసాల పహాణీ, ఏటేటి పహాణీలు ఉంటాయి. 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదార్ల జాబితాలో, సొంత పట్టా లేకుండా దున్నినవారి పేర్లు నమోదయ్యాయి. వంశచరిత్రకు నా దృష్టిలో అన్నిటికన్న ఉపయోగకరమైనది విరాసత్ దస్త్రం. పట్టాదారు చనిపోయినప్పుడు ఫౌతీ (మరణం) నమోదు చేసి వారసుల పేర్లు ఎక్కించేటప్పుడు, భార్య లేదా భార్యలు, కుమారులు, కొన్నిసార్లు కుమార్తెల పేర్లు కూడా రాసి, ఎవరు అభ్యంతరం చెప్పారో కూడా నమోదు చేసేవారు. జాగీరు, మక్తా (శిస్తు హక్కు ఇతరులకు ఇచ్చిన) గ్రామాలైతే 1949లో జాగీర్లు రద్దయ్యే వరకు లెక్కలు ఆ జాగీర్దారు కచేరీలో ఉండేవి. ఇనాములకు (సేవకో దానంగానో ఇచ్చిన భూములకు) మున్తఖబ్ అనే ధ్రువీకరణ పత్రం చూడాలి. ఈ పాత కాగితాలు ఉర్దూలో, ఇంకా వెనక్కు వెళితే ఫారసీలో ఉంటాయి. అందులోనూ షికస్తా అనే గొలుసుకట్టు రాత చదవగలిగినవారి సహాయం తప్పనిసరి. అంకెలు కూడా రఖం అనే ప్రత్యేక లిపిలో ఉండవచ్చు.

ఏ ప్రాంతమైనా పాత లెక్కలలో సంవత్సరం ఫసలీ అనే శిస్తు సంవత్సరంలో ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. మద్రాసు వైపు జూలైతో మొదలవుతుంది కనుక ఫసలీ 1340 అంటే 1930 జూలై నుంచి 1931 జూన్ వరకు. నిజాం రాజ్యంలో ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి అక్కడ నెలల లెక్క జాగ్రత్తగా చూసుకోవాలి.

జిల్లాల సరిహద్దులు మారిన సంగతిని కూడా మరువరాదు. గుంటూరు జిల్లా 1859లో పోయి 1904లో తిరిగి వచ్చింది. చిత్తూరు 1911 వరకు ప్రత్యేక జిల్లా కాదు, ఆ ప్రాంతంలో ఎక్కువ భాగానికి ఉత్తరార్కాటు, కడప దస్త్రాలు చూడాలి. శ్రీకాకుళం 1950లో విశాఖపట్నం నుంచి విడిపోయింది. భద్రాచలం తాలూకా 1874 వరకు సెంట్రల్ ప్రావిన్సులలో, 1959 వరకు గోదావరి వైపు జిల్లాలలో ఉండి అప్పుడు ఖమ్మంలో చేరింది. మునగాల పరగణా చుట్టూ నిజాం భూమి ఉన్నా 1959 వరకు కృష్ణా జిల్లాదే. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన విభజనల తరువాత ఈ చిక్కు ఇంకా పెరిగింది. ఇంగ్లీషు దస్త్రాల్లో ఊళ్ల పేర్లు కూడా వేరుగా ఉంటాయి. శ్రీకాకుళం చికాకోల్‌గా, భీమునిపట్నం బిమ్లిపటంగా, కాకినాడ కొకనాడాగా, ఏలూరు ఎల్లోర్‌గా, విజయవాడ బెజవాడగా కనిపిస్తాయి.

ఎక్కడ అడగాలి, ఏమని అడగాలి

1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయినప్పుడు గ్రామ లెక్కలు వారి ఇళ్ల నుంచి ప్రభుత్వ కార్యాలయాలకు చేరవలసి వచ్చింది, 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చినప్పుడు అవి మళ్లీ చెదిరాయి. అందువల్ల తహశీల్దారు కార్యాలయంలో లేవంటే లేవని కాదు, పాత తాలూకా కేంద్రంలోనో జిల్లా కలెక్టరేట్ రికార్డు గదిలోనో ఉండవచ్చు. సర్వే పటాలకు సర్వే శాఖను అడగాలి. మద్రాసు ప్రెసిడెన్సీ ఉన్నత స్థాయి దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ, నిజాం కాలం నాటివి హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనూ ఉన్నాయి.

అర్జీలో "మా పూర్వీకుల వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే ఏ గుమాస్తా ఏమీ చేయలేడు. ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, ఫలానా ఫసలీ, ఫలానా రిజిస్టరు నకలు అని రాయాలి. మామూలు పద్ధతిలో జవాబు రానప్పుడు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఇప్పటి ఆన్‌లైన్ భూమి పోర్టళ్లు నేటి హక్కుదారుని, సర్వే నంబరును తెలుసుకోవడానికి బాగా పనికొస్తాయి గాని, పాత తరాల కోసం వాటి మీద ఆధారపడలేము.

రిజిస్ట్రేషను శాఖ పుస్తకాలు ఈ వెదుకులాటలో రెండవ నిధి. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కే 1వ పుస్తకాన్ని ఎవరైనా రుసుము కట్టి చూడవచ్చునని 1908 రిజిస్ట్రేషను చట్టం 57వ సెక్షను చెబుతుంది. వీలునామాలు 3వ పుస్తకంలో ఉంటాయి, రాసినవారు మరణించిన తరువాత ఎవరు అడిగినా వాటి నకలు ఇవ్వాలి. 4వ పుస్తకంలోని ఇతర పత్రాలు మాత్రం సంబంధితులకే ఇస్తారు. కంప్యూటరులో తీసే ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) ఆంధ్రప్రదేశ్‌లో సాధారణంగా 1983 నుంచి మొదలవుతుంది. అంతకు ముందటివి పేర్ల సూచికలోనూ ఆస్తుల సూచికలోనూ చేత్తో వెదికించాలి. పేర్ల సూచికలో ఇంటిపేరుతో మాత్రమే వెదికితే తప్పిపోవచ్చు, ఎందుకంటే ఒకే పేరును ఒక గుమాస్తా ఇంటిపేరు కింద, మరొకరు సొంత పేరు కింద ఎక్కించేవారు. ఆస్తి విలువ 100 రూపాయల లోపైతే రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు కాబట్టి, పేదరైతుల చిన్న బేరాలు ఈ పుస్తకాలకు ఎక్కకపోవడంలో ఆశ్చర్యం లేదు.

పట్టా లేనివారు, స్త్రీలు

శిస్తు లెక్కలనే పట్టుకుని వెళితే ఊళ్లో సగం మందికి పైగా కనబడరన్నది నిజం. అయితే వారు దస్త్రాలలో అసలే లేరనుకోవడం పొరపాటు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ఊరూరా ఇనాములను విచారించి తయారు చేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో అగ్రహారీకులు, అర్చకులతో పాటు మంగలి, చాకలి, కుమ్మరి, కమ్మరి, వెట్టి, తలారి వంటి ఊరి పనివారి సర్వీసు ఇనాములు కూడా ఉన్నాయి. ఇనాం ఎవరు ఇచ్చారు, మొదట ఎవరికి ఇచ్చారు, విచారణనాటికి ఎవరి అనుభవంలో ఉంది, వారి వయస్సెంత, మొదటి గ్రహీతకు వారు ఏమవుతారు అన్న గడులు అందులో ఉండడం వల్ల, ఒక్క వరుసలోనే రెండు మూడు తరాలు తెలిసే సందర్భాలు ఉన్నాయి. ఏ కుటుంబానికైనా ఇనాం వాసన ఉంటే నేను మొదట అడిగించేది ఈ రిజిస్టరునే.

దళిత కుటుంబాలకు దరఖాస్తు మీద ప్రభుత్వ భూమికి ఇచ్చిన డీ.కే.టీ. పట్టాలు, వాటి అసైన్‌మెంటు (భూమి కేటాయింపు) ఫైళ్లు ముఖ్యం. క్రైస్తవంలో చేరిన కుటుంబాలకు బాప్తిస్మ, వివాహ, సమాధి పుస్తకాలు ఎంతో మేలు చేస్తాయి. లండన్ మిషన్ 1805లో విశాఖపట్నంలో పని మొదలుపెట్టింది. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరు, లూథరన్లు 1842లో గుంటూరు చేరారు. ధాత కరువు అనంతరం 1878 జూలైలో ఒంగోలు ప్రాంతంలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మీ ఊరు ఏ మిషన్ పరిధిలో ఉండేదో తెలుసుకుని ఆ సంఘం పెద్దలను అడగాలి. పుస్తకంలో కొత్త పేరు మాత్రమే ఉంటే, తల్లిదండ్రుల పేర్లతో, పల్లె పేరుతో పోల్చుకోవాలి.

స్త్రీల జాడ తీయడం ఇంకా కష్టం. చాలా దస్త్రాలలో ఆమె ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి మాత్రమే. అయినా పసుపుకుంకుమల కింద పుట్టింటివారు రాసిచ్చిన భూమి, భర్త పోయిన తరువాత మరుదులు రాసిచ్చిన మనోవర్తి దస్తావేజు, వితంతువు చేసుకున్న దత్తత, మైనరు కొడుక్కు సంరక్షకురాలిగా ఆమె చేసిన అమ్మకం, వీటిలో ఆమె తన పేరుతో కనిపిస్తుంది. 1937 నాటి హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టం, 1956 నాటి వారసత్వ చట్టం తరువాత ఆస్తి కాగితాలలో వితంతువుల, కుమార్తెల పేర్లు పెరిగాయి. ఆమె పుట్టింటి ఊరి దస్త్రాలను కూడా చూడకుండా వెదుకులాట ముగించకండి. దత్తత చెల్లదని, పంపకం సరిగా జరగలేదని సాగిన దావాలలో వాది ప్రతివాదులు వంశవృక్షాలు దాఖలు చేసేవారు. వాటిలో కొన్ని తీర్పులతో పాటు లా రిపోర్టులలో అచ్చయ్యాయి కూడా. అయితే ప్రతి పక్షమూ తనకు అనుకూలమైన వృక్షాన్నే గీస్తుంది గనుక, తీర్పులో న్యాయమూర్తి దేనిని నమ్మారో చదవాలి.

ఊరు విడిచి సముద్రం దాటినవారు

"మా తాత తమ్ముడు ఓడెక్కి వెళ్లిపోయాడు" అన్న మాట ఉత్తరాంధ్రలోనూ, గోదావరి వైపూ, చిత్తూరు వైపూ వినబడుతుంది. విచిత్రమేమంటే, ఊళ్లో ఉండిపోయిన అన్న గురించి లేనంత వివరం ఓడెక్కిన తమ్ముని గురించి దొరకవచ్చు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బను చేరింది. అప్పటి నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్లిన లక్షన్నర మందికి పైగా ఒప్పంద కూలీల ఓడ జాబితాలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటి మీద గుర్తులు నమోదయ్యాయి. మారిషస్ వలస దస్త్రాలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, కొన్నిటికి ఫొటోలు కూడా ఉన్నాయి. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలై 1916 వరకు నడిచాయి. ఆ ఎమిగ్రేషన్ పాసులు ఫిజీ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. బర్మా సంగతి దీనికి భిన్నం. రంగూను వెళ్లినవారు మేస్త్రీల ద్వారా, డెక్కు టిక్కెట్టు మీద వెళ్లివస్తూ ఉండడం వల్ల అటువంటి పాసులు లేవు. అక్కడ ఇంటికి పంపిన ఉత్తరాలు, మనియార్డరు రసీదులే దిక్కు. పేర్ల రాత విషయంలో ఓపిక కావాలి. తెలుగు తెలియని గుమాస్తా చెవికి వినబడినట్టు రాసిన పేరును పైకి చదివి చూస్తే, కంటికి దొరకనిది చెవికి దొరుకుతుంది.

దొరికినవాటిని కూర్చే విధం

ప్రతి కాగితానికీ ఫొటో తీసి, అది ఎక్కడిది, ఏ పుస్తకం, ఏ పుట, ఏ తేదీన చూశారో వెంటనే రాయండి. తరువాత కాలక్రమంలో ఒక పట్టిక వేసి, ఒక్కొక్క విషయం పక్కన దాని ఆధారాన్ని, ఆ ఆధారాన్ని ఎవరు ఏ అవసరం కోసం రాశారో చేర్చండి. శిస్తు కోసం రాసిన లెక్క భూమి విషయంలో నమ్మదగినది, బంధుత్వం విషయంలో అంత కాదు. తద్దినపు తిథిని రోజు విషయంలో నమ్మవచ్చు, సంవత్సరం విషయంలో నమ్మలేము.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఒక రైతు 1903 నాటి రీసెటిల్మెంటు రిజిస్టరులో నాలుగు సర్వే నంబర్లకు పట్టాదారు. 1911లో అందులో ఒకదానిని తనఖా పెట్టిన దస్తావేజులో ఆయన వయస్సు 40. 1919లో రెండు నంబర్లు అమ్మాడు. దానిలో ఆయనతో పాటు "మైనరు కుమారుడు" కూడా అమ్మకందారు. 1926 అడంగలులో మిగిలిన భూమికి ఆయన భార్య పేరు ఉంది. దీని నుంచి ఏమి చెప్పగలం? ఆయన సుమారు 1865-75 మధ్య పుట్టాడు. 1919 నాటికి 18 ఏళ్ల లోపు కొడుకు ఉన్నాడు కనుక ఆ కొడుకు 1901 తరువాత పుట్టాడు. తండ్రి 1919కి, 1926కి మధ్య మరణించి ఉండవచ్చు. "ఉండవచ్చు" అనడానికి కారణం, అప్పులవారి నుంచి భూమిని కాపాడడానికి బతికుండగానే భార్య పేర పెట్టడం కూడా జరిగేది. కొడుకు ఉండగా భార్య పేరు ఎందుకు ఎక్కిందన్న ప్రశ్న ఇప్పుడు తరువాతి వెదుకులాటకు దారి చూపుతుంది. కొడుకు చనిపోయాడా, దత్తు వెళ్లాడా, వేరే ఊరికి ఇల్లరికం వెళ్లాడా?

మన దగ్గర తాత పేరు మనుమనికి పెట్టే అలవాటు వల్ల 1880 నాటి పేరు, 1935 నాటి పేరు ఒకటే అయినంతమాత్రాన మనిషి ఒకడే కాదు. తండ్రి పేరు, సర్వే నంబరు, హద్దుదారులు, ఈ మూడింటిలో రెండైనా కలిస్తే గాని ఒకే వ్యక్తి అని నిర్ణయించవద్దు. దత్తు వెళ్లినవారికి తండ్రి పేరు మారుతుంది, ఇంటిపేరు కూడా మారవచ్చు. అప్పటివరకు ఉన్న కొడుకు ఉన్నట్టుండి కనబడకపోతే మరణం కన్న ముందు దత్తతను అనుమానించండి.

వెదుకుతూ పోతే ఇంట్లో ఎవరూ చెప్పని రెండో పెళ్లి, దివాలా, జైలు, అన్నదమ్ముల మీద తప్పుడు దావా వంటివి బయటపడవచ్చు. మరణించినవారి విషయంలో వాటిని దాచవలసిన అవసరం లేదని నేననుకుంటాను. కాని బతికున్నవారి పుట్టుకకు, హక్కులకు సంబంధించినవాటిని వారి అనుమతి లేకుండా బంధువుల వాట్సాప్ బృందంలో పెట్టరాదు. పైగా పాత పట్టా నకలు చూసి నేడు ఎవరో దావా వేయడానికి బయలుదేరే అవకాశం కూడా లేకపోలేదు.

చివరికి జీవితాన్ని రాసేటప్పుడు ఆధారం ఉన్నదానిని నిశ్చయంగా, ఊహించినదానిని "బహుశా" అని, ఇంట్లో చెప్పుకునేదానిని "ఇంట్లో చెప్పుకునే ప్రకారం" అని వేరువేరుగా రాయండి. ఖాళీ సంవత్సరాలను ఖాళీగానే వదలండి. ఒక ప్రతిని పూర్వీకుని మరో కొడుకు సంతతివారికి కూడా పంపండి. మీ దగ్గర ఉన్న పంపకపు దస్తావేజుకు జత కాగితం వారి ట్రంకుపెట్టెలో ఉండే అవకాశం బాగా ఉంది.